కడుపు సంగతి అడిగేవాళ్ళేరీ?

మా రోజుల్లో ఇంటికి ఎవరొచ్చినా కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చోగానే రెండో మాట కడుపు గురించే. "ఒంట్లో ఎలా ఉంది? విరేచనం సాఫీగా అవుతోందా?" అని అడగడం మర్యాద. నాగావళి ఒడ్డున ఉన్న మా ఊళ్ళో మా అమ్మ ఈ ప్రశ్న కరణంగారినీ అడిగేది, పాలేరునీ అడిగేది. తెల్లారుజామున చెంబు పట్టుకుని చెరువుగట్టు దాకా వెళ్ళే మగవాళ్ళు తిరిగొస్తూ ఆ సంగతే చెప్పుకునేవారు. ఎవరికి రెండ్రోజులుగా కాలేదో, ఎవరికి జిగట పడుతోందో వీధి మొత్తానికి తెలిసేది. అందులో సిగ్గేమీ లేదు. వాన పడిందా, ఆకుమడి తడిసిందా అని అడిగినట్టే అదీ ఓ ప్రశ్న.

ఇప్పుడు ఎవరూ అడగరు. అన్నదమ్ములు అడగరు, పిల్లలు అడగరు, చివరికి వైద్యం చేసే చోట కూడా సరిగ్గా అడగరు. అడిగినా "మోషన్ ఓకేనా?" అని తలెత్తకుండా ఒక మాట, "ఓకే" అని మన నోట ఇంకో మాట. అక్కడితో సరి. నా ఫిర్యాదు దీని మీదే. డెబ్బై మూడేళ్ళ వయసులో ప్రొస్టేట్ క్యాన్సర్‌కి రేడియేషన్ చేయించుకున్నాక ఈ ఫిర్యాదు చేసే హక్కు నాకుందనుకుంటున్నాను.

సంగతేమిటో చెప్తాను, తెలియనివాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి. ప్రొస్టేట్ అంటే మగవాళ్ళకి మాత్రమే ఉండే గ్రంథి, ఉసిరికాయంత ఉంటుంది. దాని పైన మూత్రాశయం. దాని వెనక, దాదాపు ఆనుకునే, మలం నిలిచే పురీషనాళం. మధ్యలో పల్చటి పొర ఒక్కటే అడ్డు. పురీషనాళం ఖాళీగా ఉంటే గ్రంథి ఒకచోట ఉంటుంది. మలంతోనో గాలితోనో ఉబ్బితే గ్రంథిని ముందుకి తోసేస్తుంది. ఆ తోపు కొన్ని మిల్లీమీటర్లుండొచ్చు, ఒక్కోసారి సెంటీమీటరు దాకా పోవచ్చు. కిరణాలు మాత్రం స్కానింగ్ నాడు లెక్కగట్టిన చోటే పడతాయి. గ్రంథి పక్కకి జరిగితే క్యాన్సరున్న భాగానికి అందాల్సిన మోతాదు అందదు, అందకూడని పురీషనాళం గోడకి అందుతుంది. మూత్రాశయం సంగతి దీనికి తలకిందులు. అది నిండుగా ఉండాలి. నిండితే పేగుల్ని పైకి నెట్టి ఉంచుతుంది, దాని గోడలో ఎక్కువ భాగం కిరణాలకి దూరంగా ఉంటుంది. అంటే వెనకది ఖాళీ, పైది నిండు. ఈ రెండూ మొదటి రోజు స్కానింగ్‌లో ఎలా ఉన్నాయో ఆఖరి రోజు దాకా అలాగే ఉండాలి.

నాకు ఇరవై సిట్టింగులు. నాలుగు వారాలు, వారానికి ఐదు రోజులు. ఇంతకు ముందు ఇదే వైద్యానికి ఏడెనిమిది వారాలు పట్టేదట. బ్రిటన్ డాక్టర్లు నడిపించిన పెద్ద పరీక్షలో మూడువేల పైచిలుకు మగవాళ్ళు పాల్గొన్నారు. 37 సిట్టింగుల్లో 74 గ్రే ఇచ్చినా, 20 సిట్టింగుల్లో 60 గ్రే ఇచ్చినా ఐదేళ్ళకి ఫలితం ఇంచుమించు ఒకటేనని 2016లో తేల్చారు. రోగికి నెల రోజుల తిరుగుడు తప్పింది, మంచిదే. కానీ రోజుకి రెండు గ్రేలు పడేచోట మూడు గ్రేలు పడుతున్నాయి. ఒక్క పూట గురి తప్పితే జరిగే నష్టం అంత పెరిగిందన్న మాట. కడుపు సంగతి అప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ అడగాలి.

మరి ఏం జరిగింది? నా చేతిలో ఒక కాగితం పెట్టారు. ఆ ఆస్పత్రి పేరు నేను చెప్పను. డాక్టరు మంచివాడు, యంత్రం మంచిది. కాగితం మాత్రం ఇంగ్లీషులో ఉంది. అందులో తినకూడనివి రాశారు. బ్రకోలీ తినకండి, బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ తినకండి, కిడ్నీ బీన్స్ తినకండి అని. విశాఖలో మా కూర్మన్నపాలెం సంతలో డెబ్బై ఏళ్ళ వాడెవడు బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ కొంటాడు? గుగ్గిళ్ళ మాట లేదు. ఉలవచారు మాట లేదు. పనసపొట్టు కూర, తేగలు, బీచ్ రోడ్డు ముర్రీ మిక్చర్‌లో వేసే పచ్చి ఉల్లిపాయలు, బఠాణీలు, వీటిలో ఒక్కటీ లేదు. హోటల్లో పూరీతో పాటు పోసే శనగపిండి కూర గురించి ఒక్క ముక్క లేదు. పై ఊళ్ళ నుంచి వైద్యానికొచ్చిన వాడు పొద్దున్నే తినేది అదే కదా! ఎక్కడో ఎవరి వంటింటికోసమో రాసిన జాబితా తెచ్చి మన చేతిలో పెడితే, అది జాగ్రత్త చెప్పినట్టవుతుందా?

కింద ఇంకో వాక్యం. "మూత్రాశయం సౌకర్యంగా నిండి ఉండవలెను, పురీషనాళం ఖాళీగా ఉండవలెను" అని దాని అర్థం. ఎన్ని నీళ్ళు తాగాలి, ఎప్పుడు తాగాలి, తాగే ముందు ఒకసారి మూత్రానికి వెళ్ళి రావాలా వద్దా, విరేచనానికని రాత్రి తాగమన్న తెల్లటి మందు స్కానింగ్‌కి ఎన్ని రోజుల ముందు మొదలెట్టాలి, ఇవేవీ లేవు. నోటితో చెప్పేవాళ్ళూ లేరు. కౌంటరు దగ్గర అబ్బాయిని అడిగితే "అంతా పేపర్లో ఉంది అంకుల్" అన్నాడు.

స్కానింగ్ ముందురోజు సాయంత్రం మా వాకింగ్ స్నేహితుడొకాయన, "గురూ, సునాముఖి చూర్ణం రెండు చెంచాలు వేసుకో, గంగాళం తోమినట్టు అయిపోతుంది" అన్నాడు. వేసుకున్నాను. తెల్లవార్లూ కడుపులో సుడులు. పొద్దున్న స్కానులో చూస్తే పురీషనాళంలో మలం లేదు గానీ బెలూనులా గాలి. లేపి పంపించేశారు. మర్నాడు మళ్ళీ వెళ్ళాను, ఈసారి నీళ్ళు చాలలేదు. మూడోసారికి గానీ ప్లానింగ్ స్కాన్ కాలేదు. పొట్ట కింద చర్మం మీద గీతలు గీశారు, మోకాళ్ళ కింద దిమ్మ పెట్టారు, నేను బల్ల మీద పడుకుని పైకప్పు చూస్తూ ఉన్నాను. ఒక మనిషి పది నిమిషాలు తెలుగులో చెప్పి ఉంటే ఆ రెండు రోజులూ మిగిలేవి. ఆ యంత్రం దగ్గర నా వెనక కూర్చున్న వాళ్ళకీ మిగిలేవి.

మా నాన్నగారి సంగతి గుర్తొచ్చింది. 1968లో ఆయనకి వరిబీజం ఆపరేషను. విశాఖ కేజీహెచ్‌లో చేర్పించాం. 1923లో కట్టిన ఆ ఆస్పత్రి వార్డుల్లో అప్పటికే ఎక్కడెక్కడి జనమో ఉన్నారు. ఆపరేషను ముందురోజు సాయంత్రం తెల్ల గౌను వేసుకున్న సిస్టరమ్మ ఒకావిడ వచ్చింది. ఒక చేతిలో ఎనామిల్ డబ్బా, రబ్బరు గొట్టం, ఇంకో చేతిలో సబ్బునీళ్ళు. స్టూలు లాక్కుని కూర్చుంది. "నిన్న ఏం తిన్నారు? పొద్దున్న ఎలా అయింది, గట్టిగానా పల్చగానా? పూర్తిగా అయినట్టుందా, ఇంకా ఉందనిపిస్తోందా?" అని అడిగింది. మా నాన్న ఆడమనిషి ముందు గట్టిగా ఊపిరి తీయని మనిషి. ఆయన కూడా చెప్పేశాడు, ఆవిడ అడిగిన తీరు అలాంటిది. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టింది, నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయో లేదో మోచేత్తో చూసుకుంది, ఎంతసేపు ఆపుకోవాలో చెప్పింది, పక్కనే నిలబడింది. ఆ సబ్బునీళ్ళ ఎనిమా ఇప్పుడు చాలాచోట్ల ఇవ్వరు, పేగు లోపలి పొరకి మంట పుట్టిస్తుందని మానేశారు. మానేయడం సరైనదే. అయితే ఆ స్టూలుని కూడా దానితో పాటు బయట పడేశారేం?

ఆ రోజులన్నీ బంగారమని నేను చెప్పడం లేదు. అబద్ధం చెప్పి ఎవరిని మెప్పించాలి? 1980ల్లో మా మేనమామకి ఇదే జబ్బు. అప్పుడు కోబాల్ట్ యంత్రం. కోబాల్ట్-60 సగానికి తగ్గడానికి ఐదేళ్ళ పైన పడుతుంది. అది పాతబడేకొద్దీ ఒక్కో మనిషినీ బల్ల మీద ఎక్కువసేపు పడుకోబెట్టాలి. నడుము ఎముకల ఎక్స్‌రే చూసి, గుర్తులు పెట్టుకుని, నాలుగు పక్కల నుంచి కిరణాలు కొట్టేవారు. లోపల మెత్తటి భాగాలు ఆ పూట ఎక్కడున్నాయో చూసే దారే లేదు. పురీషనాళం ఖాళీగా ఉందో నిండుగా ఉందో ఆయన్ని ఒక్కరోజూ అడగలేదు. గురి తప్పుతుందన్న భయంతో చుట్టూ బాగా వెడల్పుగా వదిలేవారు, ఆ వెడల్పులో పురీషనాళం గోడ కూడా పడిపోయేది. వైద్యం అయిన ఏడాదికి ఆయనకి దొడ్డికెళ్తే నెత్తురు పడటం మొదలైంది. చనిపోయేదాకా తెల్ల పంచె కట్టలేదు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళలేదు. ఎందుకు రావడం లేదో ఎవరికీ చెప్పలేదు.

అందుకే ఇప్పటి యంత్రాన్ని నేను ఒక్క మాట అనను. పడుకోబెట్టగానే మన చుట్టూ తిరిగి ముందు లోపలి బొమ్మ తీస్తుంది. మొదటి రోజు బొమ్మ మీద ఇవాళ్టి బొమ్మ పెట్టి చూస్తారు. తేడా ఉంటే బల్లని మిల్లీమీటర్ల లెక్కన జరుపుతారు. పురీషనాళం అడ్డంగా నాలుగు సెంటీమీటర్ల దాకా ఉబ్బిపోయి ఉంటే ఇక జరిపి లాభం లేదు, లేపి పంపిస్తారు. నడవండి, గాలి పోనివ్వండి, దొడ్డికెళ్ళి రండి అంటారు. అప్పటికి తాగిన నీళ్ళు వృథా. మళ్ళీ మొదటినుంచి. ఇది రోగిని వేధించడానికి పెట్టిన నియమం కాదని నాకు బాగా తెలుసు. అమెరికాలో హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ ఆస్పత్రి డాక్టర్లు 127 మంది రోగుల సంగతి వెనక్కి వెళ్ళి చూసి 2005లో రాశారు. ప్లానింగ్ స్కాన్ నాడు పురీషనాళం ఉబ్బి ఉన్నవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. రోజూ బొమ్మ తీసి చూసుకునే పద్ధతి లేని కాలపు రోగులు వాళ్ళు. ఒక్క రోజు కడుపులో గాలి, ఏళ్ళ తర్వాత రక్తపరీక్షలో అంకెగా బయటపడింది. ఇది చదివాక నేను మా మేనమామని తలుచుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఇంత ఖర్చుతో తెచ్చిన యంత్రం, ఇంత చదువుకున్న డాక్టర్లు, ఆఖరికి ఆధారపడింది ఆ పూట మనిషి దొడ్డికెళ్ళొచ్చాడా లేదా అన్నదాని మీద! ఆ ఒక్క విషయం మాట్లాడటానికే అందరికీ మొహమాటం.

నాకు అసలు సంగతి చెప్పింది యంత్రం దగ్గర పనిచేసే అమ్మాయి. నర్సీపట్నం వైపు పిల్ల. అది ఆమె పని కాదు, అయినా రెండోసారి నన్ను లేపినప్పుడు మొహం చూసి జాలిపడింది. బయట బెంచీ మీద పక్కన కూర్చుంది. "తాతగారూ, ఒక్కరోజులో కడిగేద్దామనుకుంటే అవదు. వారం ముందునుంచే ఒకే టైముకి తినండి, ఒకే టైముకి వెళ్ళండి. గాలి మింగకండి, అంటే గబగబా తినకండి, తింటూ మాట్లాడకండి, సోడాలు వద్దు. ఇక్కడికొచ్చాక ముందు దొడ్డికీ మూత్రానికీ వెళ్ళి రండి. తర్వాత ఈ అరలీటరు సీసా పది నిమిషాల్లో తాగేయండి. ముప్పావుగంట కూర్చోండి. రోజూ ఇదే సీసా, ఇంతే సేపు" అంది. ఆస్పత్రిని బట్టి సీసా కొలతా కూర్చునే సేపూ మారతాయట. ఒక్క ఆస్పత్రిలో రోజుకో రకంగా ఉండకూడదు, అంతే. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు ఇదంతా చెప్పడానికి. జాలిపడే మనిషి దొరికితే తెలుస్తుంది, దొరక్కపోతే తెలియదు అన్నట్టుంటే ఎలా? రేపు ఆ పిల్ల సెలవు పెడితే?

ఆమె "రోజూ ఇదే" అనగానే నాకు మా ఫర్నేసు కళ్ళముందు కదిలింది. 1990లో ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు గోదావరి వెలిగినప్పుడు నేను అక్కడున్నాను. అప్పట్లో 3,200 ఘనపు మీటర్ల కడుపు దానిది. పైనుంచి కోకు ఒక పొర, సింటరు ఒక పొర వేస్తాం. కిందనుంచి వేడిగాలి కొడతాం. పైనుంచి సరుకు సమంగా దిగాలి, కిందనుంచి గాలి సమంగా ఎక్కాలి. ఇవాళ కోకు ముక్క పెద్దది, రేపు పొడి అంటే కుదరదు. మధ్యలో సరుకు పట్టేసిందంటే హ్యాంగింగ్ అంటాం. కింద గాలి పేరుకుంటుంది, పైన సరుకు దిగదు. ఆపరేటరు గాలి తగ్గించి ఓపిగ్గా దింపాలి. దిగకపోతే ఉన్నట్టుండి జారిపడుతుంది, అదింకా ప్రమాదం. ఏ షిఫ్టు వాడైనా డ్యూటీ దిగేటప్పుడు తర్వాతివాడికి మొదట చెప్పేది ఫర్నేసు కడుపు సంగతే. ఎంత వేశాం, ఎలా దిగుతోంది, గాలి ఎంత తీసుకుంటోంది. లాగ్‌బుక్కులో రాసి కూడా నోటితో చెప్పి వెళ్ళేవాళ్ళం. రాసింది చదువుకో అని వెళ్ళిపోయినవాణ్ణి మా ఫోర్‌మన్ గేటు దగ్గర్నుంచి వెనక్కి పిలిపించేవాడు. ఇనుము కరిగించే కొలిమికి ఇచ్చిన మర్యాద మనిషి కడుపుకి ఇవ్వలేమా?

తిండి సంగతి ఇంకా ఉంది. మా చిన్నప్పుడు పొద్దున్న చోడంబలి, లేకపోతే తరవాణి. మధ్యాహ్నం ఆనపకాయో బీరకాయో పొట్లకాయో, చారు, మజ్జిగ. దీపాలు పెట్టే వేళకి రాత్రి భోజనం అయిపోయేది. నెలకోసారి ఆదివారం పొద్దున్నే పిల్లల్ని వరసగా నిలబెట్టి ఆముదం పోసేవారు. ముక్కు మూసి, నోట్లో పోసి, వెంటనే బెల్లం ముక్క. ఆ రోజంతా చారన్నం తప్ప ఇంకోటి లేదు. ఆముదం అలా పోయకూడదని ఇప్పుడు డాక్టర్లు అంటున్నారు, వాళ్ళ మాటే వింటాను. కానీ వేళకి తినడం, వేళకి వెళ్ళడం అన్న అలవాటు ఆ ఇళ్ళల్లో ఉండేది. నేను సి షిఫ్టు చేసిన రోజుల్లో కూడా తెల్లారి ఇంటికొచ్చి ముందు ఆ పని చూసుకుని గానీ పడుకునేవాణ్ణి కాదు. ఇప్పుడు గాజువాక జంక్షన్‌లో రాత్రి పదకొండింటికి చూడండి. బిర్యానీ పాయింట్ల ముందు నిలబడి తింటున్నారు. పన్నెండింటికి తిని, ఏడింటికి లేచి, పది నిమిషాల్లో బండెక్కేవాడికి కడుపు ఎప్పుడు కదులుతుంది? వాడికి డెబ్బై ఏళ్ళొచ్చి ఈ బల్ల మీద పడుకునే రోజు వస్తే, వారం రోజుల్లో కొత్త అలవాటు నేర్పగలరా ఎవరైనా?

మా కోడలు ఆ నాలుగు వారాలూ నాకోసం వేరే వండింది. పెసరపప్పు పల్చగా, పొట్లకాయ, బీరకాయ, మెత్తటి అన్నం. "మావయ్యగారూ, పొద్దున్న అయిందా?" అని మొదటిరోజు అడగడానికి ఆ పిల్ల ఎంత నలిగిపోయిందో. నేనే చెప్పాను, అమ్మా, మా అమ్మ ఈ మాట గుమ్మంలో నిలబడి అడిగేది, నువ్వూ అడుగు అని. రెండోవారానికి మా మనవడు కూడా స్కూలుకెళ్తూ "తాతా, అయిందా?" అనేవాడు. నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

నాకు ఇల్లుంది, కోడలుంది, ఆస్పత్రి అరగంట దూరం. లేనివాళ్ళ సంగతి? మా రోజుల్లో క్యాన్సర్ అంటే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి బొంబాయి వెళ్ళాలి. పరేల్‌లో 1941లో పెట్టిన టాటా ఆస్పత్రి ముందు ఫుట్‌పాత్ మీద మన ఉత్తరాంధ్ర జనం పడుకునేవారు. ఇప్పుడు అదే టాటా వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి మా అగనంపూడిలోనే ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు, పేరేదైనా పేదవాడికి రేడియేషన్ అందుతోంది. ఇది చిన్న విషయం కాదు. ఆ పథకం యంత్రం ఖర్చు ఇస్తుంది. పెసరకట్టు మాత్రం ఎవరు పెడతారు? శ్రీకాకుళం అవతల పల్లె నుంచి వచ్చే మనిషి తెల్లవారుజామున మూడింటికి లేచి బస్సెక్కుతాడు. నూరు కిలోమీటర్ల పైన ప్రయాణం. ఆ వేళకి కడుపు కదలదు. దారిలో బస్సు ఆగినచోట కూర్చునే వీలుండదు. దిగగానే పూరీ తింటాడు. తొమ్మిదిన్నరకి రమ్మన్నారు కదా అని బస్సులోనే సీసాడు నీళ్ళు తాగేస్తాడు. ఇక్కడ యంత్రం ఆ పూట ఆలస్యం. పదకొండైనా పిలవరు. ఎంతసేపని ఆపుకుంటాడు? లేచి వెళ్ళిపోతాడు. అప్పుడు పేరు పిలుస్తారు.

నాకే రెండుసార్లు అలా జరిగింది. నేను వెళ్ళినచోట ఆ అంతస్తు మొత్తానికి మగవాళ్ళకి ఒకే మరుగుదొడ్డి. గొళ్ళెం ఊడిపోయింది. కింద కూర్చునే రకం. మోకాళ్ళు వంగని ముసలాళ్ళు అందులోకి వెళ్ళి, అవతల ఇంకొకడు తలుపు తడుతుంటే, ప్రశాంతంగా పని ఎలా కానిస్తారు? కడుపు ఖాళీ చేసుకు రండి అన్న వైద్యానికి మొదటి పనిముట్టు మరుగుదొడ్డి. అది చూసి కట్టాలా వద్దా? యంత్రం గదికి గోడలు ఎన్ని అడుగుల మందం ఉండాలో లెక్కగట్టి కట్టారే, పక్కన నాలుగు దొడ్లు, వాటిలో రెండు కమోడ్లు, పట్టుకోవడానికి ఒక కడ్డీ, వీటికి లెక్క ఎవరు కట్టాలి?

ఇంకో సంగతి కూడా కాగితంలో లేదు. మూడోవారం వచ్చేసరికి కిరణాల వల్ల కొందరికి కడుపు తనంతట తనే వదులవుతుంది. వెళ్ళినా ఇంకా ఉందనిపిస్తుంది, మాటిమాటికీ పరుగు. అప్పుడు కూడా ఆ తెల్లటి మందు తాగుతూ కూర్చుంటే ఒళ్ళు గుల్లయిపోతుంది. నా పక్కన కూర్చునే పోర్టు రిటైర్డ్ మనిషి, వించి నడిపిన చేతులు, అలాగే తాగుతూ నీరసపడిపోయాడు. ఎందుకు తాగుతున్నావయ్యా అంటే, ఆపమని ఎవరూ చెప్పలేదన్నాడు. నేనే ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మందు ఆపించారు, పెరుగన్నం, గంజి తినమన్నారు, రెండ్రోజుల్లో తేరుకున్నాడు. మందుతోనే పని అయిపోతుందనుకోవడం కూడా పొరపాటు. నెదర్లాండ్స్‌లో కొంతమందికి మెగ్నీషియం ఆక్సైడ్, కొంతమందికి ఉత్తి మాత్ర ఇచ్చి చూస్తే గ్రంథి కదలికలో తేడా రాలేదు. ఎవరి కడుపు ఎలాంటిదో అడిగి తెలుసుకోకుండా అందరికీ ఒకే మందు రాస్తే సరిపోదు. మా ఊరి కాంపౌండరు ఈ చదువులేవీ చదవలేదు. కానీ మనిషిని బట్టి త్రిఫల పొడి ఎవరికి, ఉత్త వేణ్ణీళ్ళు ఎవరికి అన్నది అడిగాకే చెప్పేవాడు.

మగవాళ్ళ మౌనం గురించి కూడా నాకు కోపమే. చెరువుగట్టు మీద అన్నీ చెప్పుకున్న జాతి మనది. అపార్ట్‌మెంట్లలోకొచ్చాక నోరు మూతపడింది. మా వాకింగ్ బృందంలో పదిహేను మందిమి. నాకు ఇది వచ్చిందని నేను పార్కులో అందరి ముందూ చెప్పాక, ఆ వారంలో ముగ్గురు విడివిడిగా వచ్చి చెవిలో చెప్పారు, తమకీ ఉందని. ఒకాయన హైదరాబాద్ వెళ్ళి గుట్టుగా చేయించుకుని వచ్చాడు, మనవరాలి పుట్టినరోజుకి వెళ్ళానని మాకు చెప్పాడు. ఆయనకి తెలిసిన జాగ్రత్తలు నాకు ముందే చెప్పి ఉంటే నేను సునాముఖి మింగేవాణ్ణి కాదు.

నా సిట్టింగులు అయిపోయాయి. అయినా వారానికి రెండు రోజులు వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చుంటున్నాను. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. మా కోడలు ఒక అట్ట మీద పెద్ద తెలుగు అక్షరాలతో రాసిచ్చింది. పూరీ కూర, గుగ్గిళ్ళు, పచ్చి ఉల్లిపాయ, క్యాబేజీ, సోడా వద్దని ఒక పక్క. ఇడ్లీ, పెసరపప్పు, పొట్లకాయ, మజ్జిగ అని ఇంకో పక్క. డాక్టరుకి చూపించి సరేననిపించుకున్నాను.

మొన్న మంగళవారం పాతపట్నం వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. నాకంటే పెద్దవాడు. భుజం మీద తువ్వాలు, చేతిలో నిండు సీసా, రెండో చేతిలో ఆ ఇంగ్లీషు కాగితం మడతపెట్టి ఉంది. కాసేపు నా వైపు చూసి పక్కన కూర్చున్నాడు.

"బావూ, ఈ నీలు ఎప్పుడు తాగాలేటి? ఎవుల్నడిగినా కాయితంలో ఉందంతన్నారు."

"నీళ్ళ సంగతి తర్వాత చెప్తాను. పొద్దున్న దొడ్డికి అయిందా?"

ఆయన చుట్టూ చూశాడు. తర్వాత గొంతు తగ్గించకుండానే చెప్పాడు.

"నేదు బావూ. మొన్నట్నుంచీ నేదు."

"ఏం తిన్నావో చెప్పు" అని బెంచీ మీద కొంచెం ఆయన వైపు జరిగాను.